బీరువా తలుపు మీద ఝాన్సీ చెయ్యి

ఈ రోజు నుంచి మా ల్యాబులో గాలి ఉండదు. లోపలికి వెళ్ళేవాళ్ళు చెప్పులతో పాటు ఊపిరి కూడా గేటు దగ్గరే వదలాలి. ఇదివరకు యంత్రం లోపల మాత్రమే గాలి తీసేసేవాళ్ళు. రోజూ మూత బిగించే ఓపిక లేక ఇప్పుడు బిల్డింగు మొత్తానికే పంపు పెట్టారు.

వాచ్‌మన్ సాయిలు ప్లాస్టిక్ కవరు తెరిచి నా నోటి ముందు పడతాడు.

"మొత్తం ఇడువుండ్రి మేడం. సగం లోపల దాపెట్టుకుంటే పెద్దసారు నన్నంటడు."

ఊదుతాను. కవరుకి ముడి వేసి మేకుకి తగిలిస్తాడు. నా ఊపిరి ఇంత చిన్నదని నాకు తెలియదు. పక్క మేకుకి వేలాడుతున్న, మా యంత్రం నడిపే ఎస్తేరు ఊపిరి దానికి రెండింతలు ఉంది. సాయిలు రెండింటినీ మార్చి మార్చి చూసి నవ్వుతాడు. ఇరవై రెండేళ్ళుగా ఈ గేటు దాటుతున్నాను. రోజూ నమస్తే పెట్టేవాడు ఇవాళ పెట్టలేదు.

నా భుజం మీద బీరువా తలుపు ఉంది. మా ఇంట్లోని ఇనప బీరువాకి ఎడమవైపు తలుపు, ఆకుపచ్చ రంగుది. దాని మీద మా చెల్లెలు ఝాన్సీ కుడిచెయ్యి అచ్చు ఉంది. సిటీ బస్సులో ఎవరూ తాకకుండా నా ఒళ్ళు అడ్డం పెట్టి తెచ్చాను. తాకబోయిన ఇద్దరిని తిట్టాను కూడా.

పోయిన వేసవిలో ఝాన్సీ ఒక సంచితో మా ఇంటికొచ్చింది. ఎందుకొచ్చిందో చెప్పలేదు, నేను అడగలేదు. నాలుగోరోజు ఇద్దరం మామిడికాయ తొక్కు కలుపుతున్నాం. తను బేసిన్లో చెయ్యి పెట్టి కలుపుతోంది, నేను నూనె పోస్తున్నాను. పోస్తూ పోస్తూ, "ఎన్ని రోజులుంటవే?" అన్నాను. మామూలుగానే అడిగానని అందరికీ చెప్పుకున్నాను. మామూలుగా అడగలేదు.

ఝాన్సీ చెయ్యెత్తింది. నా చెంప మీద పడాల్సిన చెయ్యి చివరి క్షణంలో పక్కకి తిరిగి బీరువా మీద పడింది. కారం, పసుపు, నూనె, ఐదు వేళ్ళూ తలుపుకి అంటుకున్నాయి. ఒక్క మాట అనకుండా చెయ్యి కడుక్కుని సంచి తీసుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఆమె ఎక్కిన బస్సు వంతెన మీద నుంచి వాగులో పడింది.

నాకు ఆమె మిగిల్చింది ఆ దెబ్బ ఒక్కటే. తలుపు మీద రంగు ఉబ్బి పెచ్చులు లేస్తోంది, ఇంకో వానాకాలం ఆగదు. అది ఊడిపోయేలోపు ఆ చేతిని గీతలతో సహా బొమ్మ తీయించుకుని దాచుకోవాలని వచ్చాను. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

మా యంత్రం పని చెప్పడం తేలిక. వస్తువు మీద సూదిమొనంత చోట లేజరు పడుతుంది. అక్కడున్నది ఆవిరై లేచి, కరెంటు అంటుకుని, గాలి లేని గొట్టంలో పరుగెత్తుతుంది. తేలికవి ముందు చేరతాయి, బరువైనవి తర్వాత. ఏది ఎప్పుడు చేరిందో చూసి దాని బరువు చెబుతాం, బరువుని బట్టి అదేమిటో చెబుతాం. అలాంటి చుక్కలు వేలకువేలు పక్కపక్కన పేరిస్తే బొమ్మ. లేజరు పడిన చుక్క ఇక వస్తువు మీద ఉండదు. అందుకే ఒక చుక్క మీద ఒకసారే కొడతాం.

పరాంకుశం గారు ఈ ల్యాబుకి పెద్ద. ఆయన బల్ల ముందు నిలబడి నోరు కదుపుతాను. గాలి లేదు కనుక మాట వినపడదు. ఆయన విసుగ్గా బల్ల వైపు వేలు చూపిస్తారు. ఇద్దరి చేతులూ ఒకే వస్తువు మీద ఉంటేనే మాట ఒకరి నుంచి ఒకరికి చేరుతుంది. అరచెయ్యి బల్ల మీద ఆన్చుతాను. ఆయన గొంతు నా మణికట్టు ఎముకలోంచి వస్తుంది.

"శాంపిలు ఎవరిది, విజయేందిరా?"

"మా చెల్లెలిదండి."

"ఆమె వచ్చి సంతకం చెయ్యాలి."

"ఆమె లేదండి. చెయ్యి మాత్రమే ఉంది."

"చెయ్యి ఉంటే సంతకానికి అడ్డేమిటి?"

ఆయన ఫారం మీద ఆ గడి ఖాళీగా వదిలి, పెన్నుతో దాని చుట్టూ ఎర్రగా గీస్తారు.

యంత్రం దగ్గర ఎస్తేరు ఉంది. గుంటూరు నుంచి వచ్చి మా దగ్గర చేరి తొమ్మిదేళ్ళయింది. గ్లౌజులు వేసుకోకుండా శాంపిల్ని ముట్టుకుందని తొమ్మిదేళ్ళలో ఆమెను నేను చాలాసార్లు అందరి ముందూ చీవాట్లు పెట్టాను. ఇవాళ రెండు జతల గ్లౌజులు ఒకదాని మీద ఒకటి వేసుకుని నా కోసం ఎదురుచూస్తోంది.

శాంపిలు పెట్టే ప్లేటు పోస్టుకార్డంత ఉంటుంది. ప్లేటు పెరగదు కనుక తలుపు తగ్గుతుంది. హ్యాండిలు గోరంత అవుతుంది, తాళం కన్ను ఆవగింజంత అవుతుంది. చెయ్యి అచ్చు మాత్రం తగ్గదు. తలుపు చిన్నదైపోయాక ఝాన్సీ వేళ్ళు ప్లేటు అంచులు దాటి ఖాళీలోకి చాపుకుని ఉంటాయి. ఎస్తేరు వాటిని ఒక్కొక్కటే లోపలికి మడవడం మొదలుపెడుతుంది.

యంత్రం అంచు మీద చెయ్యి ఆన్చి అరుస్తాను. "మడవకు ఎస్తేరూ!"

"మడవకపోతే మూత పడదండి."

"మూత ఇప్పుడు అక్కర్లేదు కదా?"

"అలవాటండి," అని చిటికెన వేలు కూడా మడిచేస్తుంది.

లేజరు మొదలవుతుంది. చప్పుడు లేదు, అరికాళ్ళకి చిన్న చిన్న కుట్లు తెలుస్తుంటాయి. వరస తర్వాత వరస తలుపు మీద ఆకుపచ్చ పోయి తెల్లటి ఇనుము బయటపడుతోంది. పోయినదంతా స్క్రీను మీదకి రావాలి. నేను రెప్ప వెయ్యకుండా చూస్తాను.

స్క్రీను మీదకి ఒక చెయ్యి వస్తుంది. దాని వేళ్ళు కొబ్బరి పీచులా చీలి ఉన్నాయి. ఒకే చోట ఒకదాని మీద ఒకటి మూడు వందల అరచేతులు. వాటి నిండా నా సబ్బు, నా చేతి క్రీము, ల్యాబులో వాడే స్పిరిటు. ఎస్తేరు ముఖం వెలిగిపోతుంది.

"మేడం, ఇది మీ చెయ్యేనండి."

నాకు తెలుసు. ఆమె చెప్పకముందే తెలుసు. ఏడాదిగా డ్యూటీకి బయల్దేరే ముందు రోజూ ఆ అచ్చు మీద నా అరచెయ్యి ఆన్చి కాసేపు నిలబడేదాన్ని. ఆమె వేళ్ళు నా వేళ్ళకంటే ఎంత పొట్టివో చూసుకునేదాన్ని. గ్లౌజు వేసుకోవాలని ఒక్కసారి కూడా తోచలేదు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు మొదటి గంటలో నేను నేర్పే పాఠం అదే. నాకు సిగ్గేస్తోంది. ఏడుపు కూడా వస్తోంది, ఊపిరి బయట ఉండడం వల్ల ఏడవలేకపోతున్నాను.

"ఎంతమందిని ఏడిపించారండీ గ్లౌజుల కోసం," అంటుంది ఎస్తేరు. మెత్తగా, కులాసాగా అంటుంది. నాకు తగిన శాస్తే.

విచారణ వెంటనే పెడతారు. నిజానికి బల్లే మా దగ్గరికి నడిచి వస్తుంది, దాని వెనకాలే పరాంకుశం గారు. ముగ్గురం దాని మీద చేతులు పెడతాం.

"నూటికి తొంభై తొమ్మిది చుక్కలు మీవి," అంటారాయన. "కాబట్టి చెయ్యి మీది. బీరువాని మీరెందుకు కొట్టారు?"

"నేను కొట్టలేదండి. మా చెల్లెలు నన్ను కొట్టబోయి దాన్ని కొట్టింది."

"మీ చెల్లెలి పేరు మీద ఒక్క చుక్క కూడా చేరలేదు. చేరని మనిషి ఎలా కొడుతుంది?"

ఆయన ఫారం మీద 'చెల్లెలు' అన్న గడిలో 'లే' అని రాస్తారు. అది రాయగానే ఝాన్సీ ఎంత పొడుగుండేదో మరిచిపోతాను. 'దు' రాయడం మొదలుపెడతారు. ఆమె ఆరోజు కట్టుకున్న చీర రంగు పోతుంది. ఆమె నవ్వితే ఏ పక్క పన్ను బయటికి కనపడేదో అదీ పోతోంది. కుడివైపా, ఎడమవైపా?

ఆయన పెన్ను పట్టుకుంటాను. ఇరవై రెండేళ్ళలో ఆయన ఎదురుగా కుర్చీలో కూడా కూర్చోలేదు నేను.

"ఆపండి. కింద ఆమె చెయ్యి ఉంది. నావి తీసేసి చూడండి."

"ఏవి మీవో ఎలా తెలుస్తుంది?"

"నా చేతిని విడిగా తీయండి. దాన్ని దీన్నుంచి తీసేస్తే మిగిలేది నాది కాదు."

ఆయన మొదటిసారి తలెత్తి నన్ను చూస్తారు. ఆ చూపులో జాలి ఏమీ లేదు, లెక్క సరిపోయినందుకు తృప్తి ఉంది. "ఒక చుక్క మీద ఒకసారే," అని గుర్తుచేస్తారు.

"తెలుసండి. ఆ రూలు రాసింది నేనే."

కుడిచెయ్యి ప్లేటు మీద పెడతాను. ఎస్తేరు ఈసారి మూత వెయ్యదు, నాకు కనపడాలని. గోళ్ళ దగ్గర మొదలవుతుంది. నొప్పి లేదు, చలి ఉంది. నా వేళ్ళు ఒక్కో వరసా తగ్గుతుంటే ఎస్తేరు బరువులు చదువుతుంది. కూర తాలింపులో కాలిన మచ్చ పోతుంది. పెన్ను పట్టుకుని కాయకాసిన చోటు పోతుంది. ఇన్నేళ్ళు ఈ చేత్తో చేసిన పనులన్నీ తేలికవే, త్వరత్వరగా చేరిపోతున్నాయి. ఒకటి మాత్రం ఆలస్యంగా చేరుతుంది. నూనె గిన్నె వంచినప్పటి వంపు అది. ఎస్తేరు దాని బరువు చదివి, నమ్మకం లేక రెండోసారి చూస్తుంది.

మణికట్టు దగ్గర ఆగుతుంది. చివర సాఫుగా, కత్తిరించిన కాగితంలా ఉంది. రక్తం లేదు. దాన్ని కొంగులో చుట్టుకుంటాను. ఎస్తేరు మొహం తిప్పుకుంటుంది. ఒక్క క్షణం ఆమెకి నా మీద కోపం తగ్గినట్టుంది, మళ్ళీ తెచ్చుకుంటుంది.

తీసివేత అయ్యాక స్క్రీను మీద ఒకే ఒక చెయ్యి మిగిలి ఉంది.

పొట్టి వేళ్ళు. చిటికెన వేలు కొద్దిగా లోపలికి వంగి ఉంది, చిన్నప్పుడు రోకలి పడి విరిగిన వేలు. ఝాన్సీ. నేను ఆ పేరు గట్టిగా అంటాను, బల్ల మీద చెయ్యి లేనందువల్ల ఎవరికీ వినపడదు. మళ్ళీ మళ్ళీ అంటాను. సంతోషమేనని అనుకుంటాను.

చెయ్యి స్క్రీను మీద కుదురుగా ఉండడం లేదు. కొంచెం కొంచెంగా పెద్దదవుతోంది. దగ్గరికి వస్తోంది. మిగిలిన ఎడమచెయ్యి బల్ల మీద ఆన్చుతాను.

"కదిలే శాంపిలుకి రిపోర్టు ఇవ్వం," అంటారు పరాంకుశం గారు. "ఇది ఎటు పోతోంది?"

"నా చెంప మీదకండి. ఏడాదిగా అటే వస్తోంది."

"అయితే చేరనివ్వండి. చేరితేనే బరువు తెలుస్తుంది. చెల్లెలు ఉందో లేదో అప్పుడు రాస్తాను."

గొట్టం చివర, వచ్చినవాటిని పసిగట్టే పలక ఉంటుంది. దాన్ని విప్పి తీసేస్తారు. ఆ స్థానంలో నేను కూర్చోవాలి. గొట్టం బయటికి మనిషంత పొడవు కనిపిస్తుంది, లోపల నడిస్తే చాలాసేపు పడుతుంది. నడుస్తూ ఉంటే గోడల మీద పాత శాంపిళ్ళు దాటుతుంటాయి. ఎవరిదో నకిలీ మందు బిళ్ళ, ఏదో గుడి గోడ రంగు, చచ్చిన ఎలుక మెదడు ముక్క. వాటన్నిటికీ రిపోర్టులు నేనే టైపు చేశాను. ఏదీ నన్ను పలకరించదు.

చివర ఒక స్టూలు ఉంది. కూర్చుని ఎడమ చెంప అటు తిప్పుతాను. దూరంగా ఎస్తేరు లేజరు మీట మీద చెయ్యి వేస్తుంది.

మొదట ఇరవై మూడు బరువుది వస్తుంది. చెమటలోని ఉప్పు. చెంపకి తడిగా తగులుతుంది. తర్వాత కొంత ఖాళీ. మూడు వందల ఆరు వస్తుంది, అది మిరపకారం. చర్మం భగ్గుమంటుంది, కళ్ళ నీళ్ళు కారతాయి, తుడుచుకోను. మూడు వందల అరవై తొమ్మిది, పసుపు. తొమ్మిది వందల దరిదాపుల్లో నూనె మెల్లగా, గుంపుగా వస్తుంది. ఆ నూనె పోసింది నేనే.

అన్నీ చేరాక చెయ్యి మొత్తంగా తగులుతుంది. తల గొట్టానికి కొట్టుకుంటుంది, చెవి లోపల ఏదో తెగుతుంది. ఇంత గట్టిగా కొట్టాలనుకుందా? ఇంత కోపం వచ్చిందా దానికి నా మీద? వచ్చే ఉంటుంది. వీపు ఆనించుకుని సరిగ్గా కూర్చుంటాను.

చెయ్యి వెనక్కి పోదు, చెంప మీదే ఉండిపోతుంది. వెచ్చగా ఉంది. ఆమె చెయ్యీ నా చెంపా ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి కనుక ఇక మాట చేరడానికి అడ్డేమీ లేదు. అందరికంటే బరువైనది చివర్న వస్తుంది. ఆరోజు ఆమె అనకుండా వెళ్ళిపోయిన జవాబు అది. దవడ ఎముకలోంచి వింటాను.

"మూడోనాడు తొక్కు తిరగ కలిపి, ఉప్పు చూసి పోదామనుకున్ననే అక్కా."

మూడు రోజులు. తొక్కు మూడోరోజు తిరగ కలుపుతారు. ఏ ఇంట్లోనైనా కలిపిన చెయ్యే తిరగ కలుపుతుంది. అంతకంటే ఒక్క పూట కూడా ఎక్కువ ఉండాలనుకోలేదు అది. ఆ మూడు రోజులకి నేను లెక్క అడిగాను.

"ఉండు," అంటాను. "ఉండవే. నీకిష్టమొచ్చినన్ని రోజులుండు. ఎవ్వరడుగుతరో నేను చూస్త."

దూరంగా పరాంకుశం గారు ఫారం మీద ఏదో కొట్టేసి ఏదో రాస్తున్నారు. ఝాన్సీ పన్ను నాకు గుర్తొస్తుంది. ఎడమవైపు. చీర రంగు గుర్తొస్తుంది. వంకాయ రంగు.

నేనన్న మాటలు ఆ చేతికి నచ్చినట్టు లేదు. చెంప మీద నుంచి లేవబోతుంది. నేను ఎడమచేత్తో దాన్ని అదిమి పట్టుకుంటాను. అది నాకంటే బలమైనది. గోళ్ళు దిగుతాయి. ఎప్పుడూ అంతే, ఒకసారి పోతానంటే ఆగదు. ఒక్కసారిగా లాక్కుంటుంది, దానితో పాటు నా చెంప కూడా ఊడి వెళ్ళిపోతుంది.

అరచేతిలో నా చెంపతో ఆ చెయ్యి గొట్టంలో వెనక్కి పోతోంది. ప్లేటు దాటుతుంది, ఎస్తేరుని దాటుతుంది, గేటు దాటుతుంది. స్టూలు మీద కూర్చున్న నాకు కనపడదు. చెంపకి మాత్రం అన్నీ తెలుస్తున్నాయి. ఎండ తగులుతోంది. డీజిలు పొగ తగులుతోంది. తర్వాత చల్లటి ఇనప కడ్డీ. కిటికీ కడ్డీ అది. బస్సు కిటికీ పక్క సీటులో ఝాన్సీ అరచేతిలో మొహం పెట్టుకుని బయటికి చూస్తోంది. ఆ అరచేతికీ ఆమె మొహానికీ మధ్య నా చెంప ఉంది.

బస్సు గతుకుల్లో పడినప్పుడల్లా ఇక్కడ నా దవడ కదులుతుంది. అక్కడ చెంప తడుస్తోంది, ఎవరి కన్నీళ్ళో చెప్పడానికి ఏ యంత్రమూ లేదు. ఎస్తేరు గొట్టంలోకి తొంగి చూసి ఏదో అడుగుతోంది. నేను వినడం లేదు. కండక్టరు సీట్ల వరస వెంట వస్తున్నాడు. ఝాన్సీ నా చెంపని ఇంకాస్త గట్టిగా అదుముకుని, రెండో చెయ్యి సంచిలో పెడుతుంది.

"రెండు టికెట్లియ్యి," అంటుంది.

బస్సు వంతెన ఎక్కుతోంది.